పాఠాల కారు గేరు రాడ్డు

ముందు శబ్దం వినిపించేది. కటక్. ఒక ఊపిరి తీసుకునేంత ఖాళీ. మళ్లీ కటక్, దాని వెనకే ఇనుము గొంతు సవరించుకున్నట్టు ఒక గరగర. ఆ ఇంటి పై వాటాలో అద్దెకు దిగిన మొదటి వారమంతా, పొద్దున పదింటికి నా వంటగది గచ్చు కింద నుంచి అదే వరస. ఇంజను చప్పుడు మాత్రం ఎప్పుడూ లేదు. కదలని బండికి ఎవరో ఓపిగ్గా గేర్లు మారుస్తున్నారు.

నీళ్ల మోటారు స్విచ్చి ఎక్కడుందో అడగడానికి కిందకి దిగిన రోజు చూశాను. షెడ్డు తలుపు ఓరగా తీసి ఉంది. లోపల బూడిదరంగు చిన్న కారు. డ్రైవరు సీట్లో డెబ్బై దాటిన ఇంటాయన, స్టీరింగు పట్టుకుని, బడిలో మొదటి రోజు పిల్లాడిలా బిగుసుకుని కూర్చున్నాడు. పక్క సీట్లో ఆయన భార్య. గేరు రాడ్డు మీద ఆయన ఎడమచెయ్యి, ఆ చెయ్యి మీద ఆమె కుడిచెయ్యి. కారు ముక్కుకి మూరెడు దూరంలో గోడ.

"క్లచ్ పూర్తిగా తొక్కావా బాబూ?" అంటోందామె.

"తొక్కానండీ."

"తొక్కలేదు. నీ మోకాలు చూస్తే తెలీదా నాకు? గేరు వైపు చూడకు, అదెక్కడికీ పారిపోదు. రోడ్డు చూడు. ఎదర లారీ వస్తోంది."

ఆయన గోడ వైపు చూసి, లారీకి దారిస్తూ స్టీరింగు కాస్త ఎడమకి తిప్పాడు.

"పెళ్లయిందా నీకు?"

"అయిందండీ."

"ఎవరో గానీ మహా ఓపిక మనిషై ఉంటుంది పాపం."

"చాలా ఓపికండీ," అన్నాడాయన, గోడ మీంచి చూపు తిప్పకుండా.

స్విచ్చి సంగతి అడక్కుండానే మెట్లెక్కి వచ్చేశాను.

ఆయన బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరు. గేరుబాక్సుల సెక్షను. తోటివాళ్లు 'డాక్టరు' అని పిలిచేవాళ్లట. బస్సు డిపో గేటు దాటి లోపలికొస్తుంటేనే, ఏ గేరుకి జబ్బు చేసిందో కళ్లు మూసుకుని చెప్పేవాడట. ఆమె ఆ ఇంటి షెడ్డులోంచే ఇరవై ఆరేళ్లు డ్రైవింగు నేర్పింది. ఎక్కువగా ఆడవాళ్లకి. నర్సులు, టీచర్లు, మొగుడు "నీకెందుకే" అన్నందుకు పంతం పట్టి వచ్చినవాళ్లు, మొగుడు పోయి కారు మాత్రం మిగిలినవాళ్లు. ఆమె కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు పెడలు ఉంది. పాత ఇనుము కోసి, అతికించి, దాన్ని ఆయనే బిగించాడు. "నేను బిగించడం, తను తొక్కడం. మా కాపురం మొత్తం అదే తల్లీ," అని నాతో ఒకసారి నవ్వాడు.

అన్ని వందల చేతులు లాగితే ఏ గేరు రాడ్డు మాత్రం నిలుస్తుంది? పదేళ్లకే వదులైపోయింది. న్యూట్రల్లో పెడితే గిన్నెలో గరిటెలా నాలుగు పక్కలకీ తిరిగేది. మూడో గేరు మరీను. రాడ్డుని కాస్త పైకెత్తి, డ్రైవరు వైపుకి లాగి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు ముందుకి తోయాలి. "మూడోది కొత్తల్లుడమ్మా, మర్యాద చేస్తేగాని లోపలికి రాడు," అని నేర్చుకునేవాళ్లకి చెప్పి, వాళ్ల చేతి మీద తన చెయ్యి వేసి ఆ మర్యాద నేర్పేది. లోపలికొచ్చాక మొగుడి మీద విరుచుకుపడేది. "ఊళ్లో బస్సులన్నిటికీ డాక్టరు. ఇంట్లో కారుకి మాత్రం రేపు రమ్మంటారు." ఆయన "ఈ ఆదివారం చేసేస్తాలేవోయ్" అనేవాడు. ఆదివారం ఉద్యోగాలు చేసే ఆడవాళ్ల క్లాసులు, కారుకి ఖాళీ ఉండేది కాదు. కారుకి ఖాళీ దొరికిన ఆదివారం ఆయన నిద్రపోయేవాడు.

మతిమరుపు ఆ కారులోనే బయటపడింది. ఒక సాయంత్రం, తను రోజూ తిరిగే నాలుగు రోడ్ల కూడలిలో ఆమెకి దారి తెలియలేదు. కుడికా ఎడమకా అని నేర్చుకునే అమ్మాయి అడిగితే, నీ ఇష్టం అందట. చివరికి ఆ అమ్మాయే ఆమెని ఇంటికి తీసుకొచ్చింది. మూడో గేరు వెయ్యమని ఎవరూ చెప్పలేదు గనక దారంతా రెండో గేరులోనే.

తర్వాత ఒక్కొక్కటిగా పోయాయి. వీధులు, నెలలు, మనుషుల పేర్లు. ఆఖరికి మొగుడు పోయాడు. పోవడమంటే, ఆయన ఎదురుగానే ఉన్నాడు, ఆమెకే ఆయన లేకుండా పోయాడు. ఇంట్లో ఎవరో పరాయి మగాడు తిరుగుతున్నాడని గదిలోకి వెళ్లి గడియ పెట్టుకునేది. రెండు వీధుల అవతలుండే ఆమె చెల్లెలు పొద్దున్నే వచ్చి, స్నానం చేయించి, తల దువ్వి, అన్నం పెట్టి వెళ్లేది. ఆమె తిని గదిలోకి వెళ్లాక ఆయన వంటింట్లోకొచ్చి, నిలబడే నాలుగు ముద్దలు తినేవాడు.

ఒక ఉదయం ఏం చెయ్యాలో తోచక షెడ్డులోకి పోయి, కారులో డ్రైవరు సీట్లో కూర్చున్నాడట. ఏడవడానికే కూర్చున్నాను అన్నాడు. ఇంతలో అటు తలుపు తెరుచుకుంది. ఆమె వచ్చి తన సీట్లో సర్దుకుని కూర్చుని, వాచీ చూసుకుని, "పది నిమిషాలు ముందే వచ్చావే," అంది. తర్వాత చెయ్యి తెచ్చి ఆయన చేతి మీద వేసింది.

అప్పట్నుంచి ఆయన రోజూ పెళ్లాం దగ్గర డ్రైవింగు నేర్చుకుంటున్నాడు. ఎనిమిది నెలల్లో ఒక్క క్లాసు మానలేదు. పాసైపోతే మళ్లీ రావద్దంటుందేమోనని రోజుకో తప్పు చేసేవాడు.

నేను ఆ ఇంట్లో చేరిన రెండో నెలలో, ఒకరోజు పదింబావుకి, ఆ పెద్దాయన మెట్లు రెండేసి చొప్పున ఎక్కి నా తలుపు బాదాడు. గుండె పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. నేను కుర్చీ వెయ్యబోతే వద్దని చెయ్యూపాడు.

"పిలిచిందమ్మా. ఏవండీ అంది."

మూడో గేరు దగ్గర రాడ్డు ఒక్కసారిగా జారి పక్కకి వాలిపోయిందట. ఆమె చటుక్కున ఆయన మొహంలోకి చూసి, పాత గొంతుతో, పాత చిరాకుతో, "ఏవండీ, ఎన్నేళ్లు చెప్పించుకుంటారు? ఇది బాగుచేస్తారా చెయ్యరా?" అంది. మరుక్షణం మళ్లీ అద్దంలోంచి గోడ వైపు చూస్తూ, "చూసి నడుపు బాబూ," అంది. ఆ ఒక్క క్షణం చాలు ఆయనకి. ఆ గుమ్మంలో నిలబడి చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు, మీసాల మీదకి నీళ్లు కారుతున్నాయి.

"అడిగింది తల్లీ. మళ్లీ అడిగింది. చేసి పెడతాను. చేసి పెడితే..." అని ఆ మాట పూర్తి చెయ్యకుండా దిగిపోయాడు.

మరదలికి ఇది నచ్చలేదు. షెడ్డు గుమ్మంలో నడుం మీద చెయ్యేసి నిలబడింది.

"అక్క చెవినిల్లు కట్టుకుని పోరినన్నాళ్లూ కదల్లేదు. ఇప్పుడా బావా తీరిక?"

"ఇప్పుడే అడిగింది మరదలా."

"రోజూ సుఖంగా కూర్చుని నేర్పుకుంటోంది. నడిచేదాన్ని విప్పడం ఎందుకు?"

"కుట్టుమిషను విప్పి బిగించలేక సంచిలో పోసుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది నువ్వు కాదూ? నాకు చెప్పొచ్చావు."

"ఆహా, నువ్వు బిగించాక అది ఇప్పటికీ వెనక్కే కుడుతోంది. అదే నా భయం."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. "మూడు రోజులు అక్కకి నేనేదో సర్ది చెబుతాలే," అని లోపలికెళ్లింది.

మూడు రోజులు నేను దీపం పట్టుకున్నాను. ముందు రాడ్డు తలకాయ మరలు తిప్పి తీశాడు. దాని మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి, గుడ్డులా నున్నగా ఉంది. దాన్ని చేతిరుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఇది మార్చను. చెయ్యి వెయ్యగానే తెలియాలి కదా." తర్వాత రబ్బరు తొడుగు, నాలుగు బోల్టులు, ఒక స్ప్రింగు. రాడ్డు బయటికొచ్చింది. దాని నడుం దగ్గర గోళీలాంటి ఇనుప బంతి, అది కూర్చునే నైలాను గిన్నె. అడుగున ఒక పిన్ను, పిన్ను చుట్టూ బుష్షు అనే చిన్న గొట్టం. గిన్నె ఒక పక్క గోరంత పల్చనైపోయింది. బుష్షు గుండ్రం కోడిగుడ్డైపోయింది.

ఆయన ఆ గిన్నెని దీపం దగ్గర పెట్టి చాలాసేపు చూశాడు. "ఇదిగో ఈ పక్క చూడు. ఇది మూడో గేరు అరుగుడు. ఇరవై ఆరేళ్లు ఒకే పక్కకి లాగారు." వేలితో ఆ పల్చటి అంచు నిమిరాడు. "ఇంత నొప్పి పెట్టుకుని నడిచిందన్నమాట. నేను నిద్రపోయాను."

డిపోలో తీసిపారేస్తుంటే తెచ్చుకున్న చిన్న లేత్ మిషను షెడ్డు మూల ఉంది. దాని మీద కొత్త గిన్నె, ఇత్తడి బుష్షు చేశాడు. నైలాను తెల్లటి పోగుల్లా లేచి ఆయన చొక్కా మీద, కనుబొమ్మల మీద వాలింది. కొలిచాడు, చెక్కాడు, మళ్లీ కొలిచాడు. సాగిపోయిన కన్నాన్ని గుండ్రంగా తొలిచి ఇత్తడి బుష్షు దిగ్గొట్టాడు. కొత్త పిన్ను వేశాడు. గిన్నెలో గ్రీజు పెట్టి బంతిని కూర్చోబెడితే, మూత పడ్డ డబ్బాలా మెత్తగా 'టప్' అంది. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ సంతోషంలో నాతో ఏదో చెబుతూనే, పాత గిన్నెని, పాత బుష్షుని దాగలి మీద పెట్టి సుత్తితో చెరో దెబ్బ వేసి, ముక్కల్ని చేత్తో డబ్బాలోకి తోసేశాడు. ఆయన చెప్పేదే వింటున్నాను. ఆ సుత్తి దెబ్బలు నేనేం పట్టించుకోలేదు. ఆయనా పట్టించుకోలేదు.

మూడో రోజు సాయంత్రానికి రాడ్డు నిటారుగా నిలబడింది. చీమ దూరేంత సందు లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, వేలితో తోస్తే వెళ్లి కూర్చుంటోంది. పై నుంచి వింటే ఇప్పుడు కటక్ లేదు, గరగర లేదు. గడియారం ముల్లు కదిలినట్టు ఒక చిన్న టిక్.

నాలుగో రోజు పదింటికి ఆయన తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. "ఇవాళ పాసైపోతానేమో," అని నాకు కన్నుగీటాడు. మరదలు అక్కని చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. ఆమె వాచీ చూసుకుంది, అద్దం సర్దింది. ఆయన చేతి మీద చెయ్యి వేసింది.

"క్లచ్. ఊఁ. ఒకటి."

టిక్. ఆమె కనుబొమ్మ కాస్త కదిలింది.

"రెండు."

టిక్.

"మూడుకి జాగ్రత్త, కొత్తల్లుడు," అంటూ రాడ్డుని పైకెత్తబోయింది. అది లేవలేదు. ఆయన వైపు లాగింది. అంత దూరం రాలేదు. ఆమె చెయ్యి ఇంకోసారి ఎత్తింది, లాగింది, ఆగింది. రాడ్డు తనంతట తనే వెళ్లి మూడులో కూర్చుంది. వేడి గిన్నె తగిలినట్టు ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇది మా కారు కాదు."

"మీదేనండీ. చూడండి, రాడ్డు తలకాయ అదే కదా..."

"మీరెవరు?" ఆమె గొంతులో బాబూ లేదు, నువ్వు లేదు. "ఎవరి కారు ఇది? నన్ను ఇందులో ఎందుకు ఎక్కించారు?"

"నేనే. బాగుచేశాను. నువ్వే కదా అడిగావు..."

"మా ఆయనకి ఫోన్ చెయ్యండి. ఆయన గేర్ల మెకానిక్కు. వచ్చి చూస్తారు." తలుపు తెరుచుకుని దిగిపోయింది. చేతిసంచి గుండెకి హత్తుకుని గేటు దగ్గరకెళ్లి, వీధి వైపు చూస్తూ నిలబడింది. ఎవరో వచ్చి ఇంటికి తీసుకెళ్తారని ఎదురుచూస్తున్నట్టు. మరదలు పరిగెత్తింది. డ్రైవరు సీట్లో ఆయన అలాగే ఉన్నాడు, చెయ్యి రాడ్డు మీదే ఉంది. కాసేపటికి తలెత్తాడు.

"పాతవి పెట్టేస్తాను. ఎంతసేపు? గంట పని."

దిగి డబ్బా తీసి బల్ల మీద బోర్లించాడు. చితికిన నైలాను ముక్కలు, బిళ్లలా అణిగిన బుష్షు. వాటిని వేలితో అటూ ఇటూ కదిపి, కుప్పకూలినట్టు స్టూలు మీద కూర్చున్నాడు.

"డిపో అలవాటమ్మా. కొత్తది బిగించగానే పాతదాన్ని సుత్తితో కొట్టెయ్యాలి. లేకపోతే ఏ షిఫ్టువాడో చూసుకోక మళ్లీ దాన్నే బిగిస్తాడు, రోడ్డు మీద నలభై మంది ప్రాణాల మీదకొస్తుంది. ముప్పై నాలుగేళ్లు కొట్టాను. ఎప్పుడు కొట్టానో కూడా గుర్తులేదు."

ఆయన ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చి చూశాడు. అవి కలవలేదు.

"నన్ను గుర్తుపట్టింది ఆ వదులు చూసి, తల్లీ. నేను దాన్నే తీసేశాను."

ఆ మర్నాటి నుంచి ఆయన కొత్త గిన్నెల్ని అరగదీయడం మొదలుపెట్టాడు. లేత్ మీద ఒకటి చేస్తాడు, ఆకురాయితో ఒక పక్క గీకుతాడు, బిగిస్తాడు, కళ్లు మూసుకుని గేర్లు వేసి చూస్తాడు. కాదు. విప్పుతాడు. ఇంకొకటి. పై నుంచి నాకు వినిపించేది. టిక్, కట్, టక్. ఒకసారి కటక్ అన్నట్టే అనిపించి నేను పొయ్యి ఆపి విన్నాను. తర్వాత మళ్లీ స్పానరు చప్పుడు. బల్ల మీద తెల్లటి గిన్నెలు వరసగా పేరుకున్నాయి. ఒక్కోదాని మీద పెన్సిలుతో ఏదో గీత.

"వదులు చెయ్యడం ఎవడైనా చేస్తాడు," అన్నాడొకరోజు. "ఎటు ఎంత వదులో, ఎక్కడ ఆగేదో, అది నేనెప్పుడూ కొలవలేదు. అది ఆవిడ చేతికే తెలుసు. వెళ్లి ఆ చేతినే అడగాలి. అడగనివ్వదు."

ఆమె షెడ్డు దాకా వచ్చేది కాదు. పదింటికి వాచీ చూసుకునేది గానీ, ఎందుకు చూసుకుందో తెలియనట్టు మళ్లీ చెయ్యి దించేసేది. చెల్లెలు తన బట్టలు తెచ్చుకుని ఆ ఇంట్లోనే ఉండిపోయింది. రోజూ షెడ్డు మెట్టు మీద ఆయనకి అన్నం కంచం పెట్టేది.

"కాస్త నీ ఒళ్లు కూడా చూసుకో బావా. చొక్కా వేలాడుతోంది."

"బాగుచేసేవాళ్లెవరూ లేరు మరదలా. కొత్త ఒళ్లు చేయించుకోవాలి."

"ఏడ్చినట్టుంది నీ వేళాకోళం." ఆమె మొహం పక్కకి తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. "మొదటి రోజే నీ చెయ్యి పట్టుకుని ఆపాల్సింది. అక్క పిలిచిందంటే నాకూ ఆశ పుట్టింది."

నా ఉద్యోగం వేరే ఊరికి మారింది. సామాను వెళ్లిపోయాక, తాళంచెవి ఇవ్వడానికి కిందకి దిగాను. పదకొండు కావస్తోంది. ఆయన షెడ్డు తలుపు దగ్గర గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. వెనక కారు రెండు తలుపులూ తీసి ఉన్నాయి. ఎడమ సీటు మీద ఒక దిండు వేసి ఉంది. తాళంచెవి తీసుకుని, నా భుజం తట్టి, ప్రయాణం జాగ్రత్త అన్నాడు. నేను గేటు దాకా వెళ్లి, ఉండబట్టలేక వెనక్కి తిరిగి, అమ్మగారు ఎలా ఉన్నారని అడిగాను. ఆయన కారు వైపు ఒకసారి చూసి, ఆ తర్వాత నా వైపు చూశాడు.

"ఇవాళ వచ్చింది తల్లీ. అరగంట కూర్చుంది. చెయ్యి మాత్రం ఒళ్లోంచి తియ్యలేదు."